గుట్ట మీది తంగేడు

తాండూరులో మా వాడ వెనుక ఒక గుట్ట ఉంది. దేవుడు పెట్టింది కాదు. నాపరాళ్ల గనుల నుంచి తెచ్చి పారబోసిన, పనికిరాని బండ ముక్కల గుట్ట. మా అత్త కోడలిగా వచ్చిన కొత్తలో దాని మీద గడ్డి కూడా మొలిచేది కాదట. ఆమె కోట్‌పల్లిలోని పుట్టింటికి పోయినప్పుడల్లా తంగేడు విత్తనాలు కొంగున కట్టుకొచ్చి, బండల సందుల్లో మట్టి పోసి చల్లేది. కొన్నేళ్లకు బతుకమ్మకు వాడంతా ఆ పూలే కోయడం, ఆ గుట్ట మీదే ఆడడం మొదలుపెట్టాం.

కిందటేడు గుట్టను పార్కు చేస్తామంటూ మున్సిపల్ ఆఫీసువాళ్లు జీపులో వచ్చారు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు మేం బండల దుమ్ము మింగుతుంటే ఇటు తిరిగి చూడనివాళ్లకు ఇప్పుడు మా మీద ప్రేమ పుట్టిందంటే నమ్మడానికి నేనేమైనా పిచ్చిదాన్నా?

"మా తంగేడు చెట్లు తీసేస్తరా సారూ?" అని వాళ్లతో వచ్చిన ఇంజనీరును అడిగాను.

"వాటి జోలికి ఎవ్వరూ పోరమ్మా, నాది జిమ్మేదారి," అన్నాడు.

మా అత్త మురిసిపోయింది. "గంత మంచిగ చెప్పిండు. నీకు జర గూడ నమ్మకం లేకపాయె," అని నన్నే తిట్టింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు కాకపోతే చాలని గొణుక్కున్నాను. బట్టలారేసే నెపంతో రోజూ మేడెక్కి చూసేదాన్ని. జేసీబీ చెట్ల వైపు తిరిగితే చాలు, పిట్టగోడ దాకా ఉరికేదాన్ని. మెట్లు కట్టారు, ఉయ్యాలలు పెట్టారు, తంగేడును మాత్రం ముట్టుకోలేదు. అయినా నా అనుమానం తీరలేదు. చెట్ల చుట్టూ ఇనుప కంచె వేసినప్పుడు మరీ ఎక్కువైంది.

"మేకలు తొక్కకుండ ఏసిన్రే," అంది అత్త.

సరిగ్గా బతుకమ్మ ముందు పార్కు తెరిచారు. పొద్దున్నే అత్తా నేనూ గంపలు పట్టుకుని ఎక్కాం. తంగేడు విరగబూసి ఉంది. కంచెకు కొత్త బోర్డు వేలాడుతోంది: పూలు కోయరాదు. అత్తకు చదువు రాదు. నేను చదివి చెప్పేలోపే కంచె మీదుగా చెయ్యి చాచి ఒక కొమ్మ వంచింది.

కాపలా అతను ఈల ఊదుతూ ఉరికొచ్చాడు. "ఏయ్ ముసల్దానా, చెయ్యి తియ్! ఎవల చెట్లనుకున్నవ్?"

ఎవరివో చెప్పడానికి నేను నోరు తెరిచాను. అంతలోనే అత్త కొమ్మ వదిలేసి, రెండు చేతులూ జోడించి, "తప్పయింది సారూ," అంది.