మళ్ళీ మొదటి ఆవు నుంచి

నా చిన్నప్పుడు మా పెద్ద మావయ్య పశువుల డాక్టరుగా బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఫారాలకు తిరిగేవాడు. నాకు పదేళ్లప్పుడు ఒక శనివారం నన్నూ ఒక ఫారానికి వెంటబెట్టుకుని వెళ్లాడు. అక్కడిది పాల కోసం కాక, మాంసానికి దూడల్ని కనడం కోసం పెంచే మంద. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. అమ్మ మాత్రం ఆయన బూట్లను గుమ్మం దాటనిచ్చేది కాదు.

ఆ రోజు పని చూడి పరీక్ష. ఒక్కో ఆవునీ ఇనప బోనులోకి తోలితే, మావయ్య భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి చూసేవాడు. చూడి నిలిస్తే ఆవు ఇంకో ఏడాది ఉంటుంది. నిలవకపోతే ఆ సాయంత్రమే లారీ ఎక్కుతుంది. పళ్లు అరిగాయా, కాళ్లు బాగున్నాయా, కిందటి దూడ ఎంత బరువు తూగింది అని కూడా చూసేవారు గానీ, అన్నిటికన్నా ముందు కడుపే. తల్లుల నుంచి అప్పుడే విడదీసిన దూడలు అవతలి కొట్టంలో ఒకటే అరుపులు. ఆ గోలలో మావయ్య "చూడిది", "ఒట్టిది" అని నాకు తెలుగులోనే కేకేసేవాడు. నేను పుస్తకంలో నంబరు పక్కన టిక్కో, ఇంటూనో పెట్టాలి. రైతుకి ఆ మాటలు అర్థం కావు. ఆయన నమ్మేది నా పుస్తకాన్నే.

ఇరవై ఏడో నంబరు ముసలి ఆవు. పొద్దున్న నేను వెళ్లగానే కంచె మీదుగా తల చాపి నా కోటు చెయ్యి నాకింది. ఇక నాకు ఆ మందలో అదొక్కటే ఆవు. మావయ్య దాని దగ్గర కాస్త ఎక్కువసేపే ఉండి, "ఒట్టిది" అన్నాడు. నేను టిక్కు పెట్టాను. ఎవరూ చూడలేదు. ఏదో ఘనకార్యం చేశాననుకున్నాను, పిచ్చిమొహాన్ని.

అన్నీ అయ్యాక రైతు టిక్కులు లెక్కపెట్టి తల గోక్కున్నాడు. ఆ ఏడు వానలు సరిగ్గా లేక ఎండుగడ్డి తక్కువ. చలికాలానికి ముప్ఫై ఆవులకే సరిపోతుంది, తీరా ముప్ఫై ఒకటి తేలాయి. చూడివాటిలోనే ఒకదాన్ని తీసేయాలి, ఏది తీయమంటారని మావయ్యని అడిగాడు. మావయ్య ఆలోచించి, పక్కటెముకలు కనిపిస్తున్న ఒక పడుచు ఆవుని చూపించాడు. మొదటి ఈతలో దాని దూడ అన్నిటికన్నా బక్కగా పెరిగింది. రెండోది ఇప్పుడు కడుపులో ఉంది.

ఆ ముప్ఫై ఒకటోది నేను పెట్టిన దొంగ టిక్కే. మావయ్యకీ ఏదో అనుమానం వచ్చినట్టుంది గానీ, అన్ని ఆవుల మధ్య ఖాయంగా గుర్తులేదు. "నే చెప్పినట్టే రాశావా అమ్మాయ్?" అన్నాడు. ఊఁ అన్నాను. ఆ 'ఊఁ' తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. అప్పటికే పడుచు ఆవుని లారీ దగ్గరికి తోలుతున్నారు. ముందు కాళ్లు లారీకి ఆనించిన చెక్క మీద పెట్టి, పైకెక్కనని మొరాయించింది. వెనక నుంచి ఒకతను నెట్టాడు.

"మావయ్యా, ఆపమను! ఇరవయ్యేడు ఒట్టిదే. నేనే కావాలని తప్పు రాశాను!"

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. రైతు వైపు తిరిగి, తన పరీక్షలో పొరపాటు దొర్లిందని ఇంగ్లీషులో చెప్పాడు. నా ఊసే ఎత్తలేదు. రైతు మొహం మారిపోయింది. ఒకటి తప్పయితే మిగతావి మాత్రం నిజమని ఎలా నమ్మను, అన్నాడు. ఆయన స్థానంలో ఎవరున్నా అదే అంటారు. మావయ్య పొడుగాటి గ్లవుజు మళ్ళీ తొడుక్కుని, "మొదటి ఆవు నుంచి రాయి" అన్నాడు నాతో.

నలభై చిల్లర ఆవులు. సగంలో కుడిచెయ్యి పట్టేస్తే ఎడమచెయ్యి పెట్టాడు. ముసలిది మళ్ళీ బోనులోకి వచ్చింది. ఈసారి ఇంటూ పెట్టాను. అది లారీ ఎక్కుతుంటే తల తిప్పుకోకుండా చూశాను. పడుచు ఆవు మందలో కలిసిపోయింది.

తిరుగు దారిలో మావయ్య గేరు మార్చినప్పుడల్లా పళ్లు బిగిస్తున్నాడు. నన్నెందుకు తిట్టవని ఏడుస్తూ అడిగాను.

"తిడితే ఏవొస్తుందే? నువ్వు రాసింది నమ్మలేకపోతే, నేను చెయ్యి పెట్టి చూసి ఏం లాభం?" అన్నాడు.

పెద్దయ్యాక ముప్ఫై ఏళ్లకు పైగా ఆసుపత్రి ల్యాబులో రిపోర్టులు రాశాను. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ల మొహాలు చూసి, ఒక్క మంచి మాట రాసేద్దామని చెయ్యి లాగిన రోజులున్నాయి. ఉన్నదే రాసేదాన్ని. రాసి, వెనక గదిలోకి వెళ్లి ఏడ్చేదాన్ని.