కాపలావాడికి వినబడకుండా

పోయిన నెలలో మా తమ్ముడి కూతురు సెలవు పెట్టుకుని, నాలుగు రోజులు నా దగ్గర ఉందామని ఖరగ్‌పూర్ వచ్చింది. కంప్యూటరు ఆటలు తయారుచేసే కంపెనీలో ఆ పిల్లకు ఉద్యోగం. సెలవులో కూడా ఒళ్ళోంచి కంప్యూటరు దిగదు. ఒక సాయంత్రం నేను టీ కప్పు పట్టుకుని దాని పక్కన చేరి, ఊరికే తెరవైపు చూస్తూ కూర్చున్నాను. చీకట్లో గోడవారన ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు, కాస్త దూరంలో కాపలావాడొకడు అటూ ఇటూ తిరుగుతున్నాడు, వాడి కంట పడకుండా, వాడి చెవిన పడకుండా ఆ మనిషి అవతలి తలుపు చేరుకోవాలి, అంతే ఆట. "ఏటత్తా, ఊపిరి తీసుకోవడం మానేసినావు?" అని అది నవ్వితే తప్ప నేను ఊపిరి బిగబట్టానని నాకే తెలియలేదు. టీ చల్లారిపోయింది.

తర్వాత అది కంప్యూటరు మూసి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. తుపాకులతో కాల్చుకునే ఆటల్లో గుంపులు గుంపులుగా చచ్చిపోయినా ఎవరికీ ఏమీ అనిపించదట, ఇలా దాక్కుని నడిచే ఆటలో మాత్రం ఒక్క అడుగు చప్పుడైతే గుండె జారిపోతుందట, అలా ఎందుకవుతుందో వాళ్ళ ఆఫీసులో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారట. నీకేమనిపించింది అంది. నాకేమనిపించిందో నాకే తెలిస్తే కదా. దాక్కున్నవాడు దొరికిపోతాడేమోనని భయపడ్డానా, ఆ కాపలావాడి కోసం భయపడ్డానా అని ఆలోచిస్తే, ఏదీ తేలలేదు. అదేమీ ఇవాళ కొత్తగా పుట్టిన అయోమయం కాదు. దాని మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ వెళితే ఈ ఊళ్ళోనే నిమ్‌పురా రైల్వే క్వార్టర్లో తేలాను.

మా నాన్న నిమ్‌పురా యార్డులో గూడ్సు పెట్టెలకు కాపలా. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీయే. పొద్దున్న వచ్చి, స్నానం చేసి, చద్దన్నం తిని పడుకుంటే మధ్యాహ్నం దాటాక లేచేవాడు. రెండు గదుల క్వార్టరు, ఒక గదిలో ఆయన నిద్ర, రెండో గదిలో మా ముగ్గురి బతుకు. కిటికీకి అమ్మ తన పాత నీలం చీర మడత పెట్టి కట్టేసేది. విచిత్రమేమిటంటే యార్డులో రోజంతా పెట్టెలు ఒకదానికొకటి గుద్దుకుంటూ ఇల్లు అదిరిపోయేట్టు మోగేవి, వాటికి ఆయన కదిలేవాడు కాదు, మా ఇంట్లో ఒక చెంచా జారి పడితే మాత్రం కళ్ళు తెరిచేసేవాడు. అందుకని తలుపు గడియకు కొబ్బరినూనె రాసేవాళ్ళం, స్టీలు గిన్నెల మధ్య గుడ్డముక్కలు వేసేవాళ్ళం, ఇనుప బకెట్టు ఎత్తాలంటే తమ్ముడూ నేనూ చెరోవైపు పట్టుకుని, కాడ కిర్రుమనకుండా వేలు అడ్డుపెట్టేవాళ్ళం. పోపు వేసేటప్పుడు అమ్మ గిన్నె మీద మూత పెట్టి, ఆ చిటపటలు తగ్గేదాకా మా ఇద్దరి వంక తప్పు చేసినదానిలా చూసేది. మా ఈడువాళ్ళలో రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు, రాత్రి డ్యూటీ నాన్నలున్న ఇళ్ళన్నీ పగటిపూట ఇలాగే గుసగుసగా నడిచేవి.

ఆయన కొడతాడనా మా భయం? ఎన్నడూ చెయ్యెత్తలేదు. నిద్ర చెడితే లేచి మంచం అంచున కూర్చుని, ఎర్రబడ్డ కళ్ళతో నేలవైపు చూసేవాడు, అంతే. దానికే మా ప్రాణం విలవిల్లాడేది. పోనీ అది ప్రేమా అంటే, ఆ వయసులో ఆ మాట మాకు తోచలేదు. గది దాటి అవతలికి చేరాక తమ్ముడు నా వైపు తిరిగి నోరు మెదపకుండా నవ్వేవాడు, గెలిచినట్టు.

తొంభైలు ముగిసే వేళకు నాన్న రిటైరయ్యారు. మేం పూరీ గేట్ వైపు అద్దె ఇంటికి మారాం. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి అప్పటికి కొన్నేళ్ళు, తమ్ముడు బజారులో ఒక కంప్యూటరు సెంటరులో పాఠాలు చెప్పేవాడు. వాళ్ళు కొత్త మిషన్లు తెచ్చుకుని ఒక పాతది వీడికిచ్చేస్తే, దాన్ని పాత దుప్పటిలో చుట్టి రిక్షాలో పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. అందులో ఒక ఆట ఉండేది. రాతికోటలోకి ఒకడు దొంగచాటుగా దూరి, బందీగా ఉన్న తనవాళ్ళెవరినో విడిపించుకు రావాలి. ఎవరినో నాకిప్పుడు గుర్తులేదు, చివరిదాకా మేం ఎప్పుడూ వెళ్ళలేదు కూడాను.

మొదట్లో నాకా ఆటంటే చిన్నచూపు. ఆదివారం పూట బట్టలు ఉతుక్కోవడం మానేసి ఈ చీకటి బొమ్మ ముందు కూర్చోవడమేమిటనుకునేదాన్ని. ఒకరోజు పక్కన కూర్చున్నాను, తర్వాత లేవలేకపోయాను. ఆటలో చూసేదానికన్నా వినేదే ఎక్కువ. రాతి నేల మీద అడుగు ఒకలా, గడ్డి మీద ఒకలా, నీళ్ళలో ఒకలా వినిపించేది. కాపలావాళ్ళు ఊరికే తిరగరు, దగ్గుతారు, ఏదో కూనిరాగం తీస్తారు, చలిగా ఉందని ఇంగ్లీషులో తమలో తాము గొణుక్కుంటారు, అది తమ్ముడు మాకు తెలుగులో చెప్పేవాడు. బొమ్మే కదా, పోతే మళ్ళీ మొదలుపెట్టవచ్చు కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా, కాపలావాడు అటు తిరిగేదాకా నేను కుర్చీలో కదలలేకపోయేదాన్ని.

కొన్ని వారాలకు నాన్న కూడా తన కుర్చీ లాక్కుని వచ్చి మా వెనక కూర్చోవడం మొదలుపెట్టారు. రిటైరయ్యాక ఆయనకు రాత్రి నిద్ర పట్టేది కాదు, పగలు కునుకు తీసి ఉలిక్కిపడి లేచేవారు, మాటలు బాగా తగ్గిపోయాయి. అలాంటి మనిషి తెరవైపు మెడ సాచి చూస్తుంటే, అమ్మ వంటింట్లోంచి వచ్చి వింతగా మమ్మల్ని చూసి వెళ్ళేది.

ఒక ఆదివారం ఆటలో తమ్ముడి అడుగు చప్పుడైంది. కాపలావాడు ఆగాడు. లాంతరు ఎత్తుకుని మేం దాక్కున్న మూలకు వచ్చాడు, ఎదురుగా నిలబడ్డాడు, ఇటూ అటూ చూశాడు, ఎలకే అయ్యుంటుందిలే అని గొణుక్కుని వెనుదిరిగాడు. తమ్ముడు పకపకా నవ్వాడు.

"సూడక్కా, ఎంత ఎర్రిబాగులోడో! ఎదురుగుండా మనిసి ఉంటే ఎలక అంతాడు" అంటూ, వెనకనుంచి వెళ్ళి వాడి నెత్తిమీద దుడ్డుకర్రతో ఒక్కటిచ్చాడు. వాడు కుప్పకూలిపోయాడు.

నాన్న లేచి నిలబడ్డారు.

"ఆడికేటీ తెలీదనుకున్నావా?" అన్నారు. "ఎల్లిపోతున్నోడిని ఎనకనించి కొడతావా?"

"నాన్నా, అది బొమ్మ!"

"బొమ్మయితే నవ్వుతావేటి?"

అని తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రోజు అన్నానికి రాలేదు. మర్నాటినుంచి తమ్ముడితో మాట మానేశారు. తమ్ముడికీ పట్టుదలే, వాడేం తప్పు చేశాడు, ఆటలో అందరూ చేసేదే చేశాడు. కంప్యూటరు మీద దుప్పటి కప్పేశాడు, సెంటరులో పని ఉందని పొద్దుపోయేదాకా ఇంటికి రావడం మానేశాడు. అమ్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి, "ఏటే, బొమ్మ కోసం తండ్రీ కొడుకులు కొట్టుకున్నారా? ఎవులికైనా సెప్పుకోడానికి నోరొస్తాదా?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు కాసేపు నాన్న మీద కోపం, తమ్ముడి మీద జాలి, కాసేపటికి వాడి మీద కోపం, ఆయన మీద జాలి. ఊరవతల సాలువాలో వేరే సెంటరు పెడుతున్నారట, అక్కడే గది తీసుకుంటానని వాడు అన్నప్పుడు మాత్రం నాకు భయం వేసింది. ఇల్లు ఇంత చిన్న విషయానికి విడిపోతుందా అనిపించింది.

ఒక సాయంత్రం నాన్నతో బజారుకు వెళ్ళి కూరల సంచీతో తిరిగొస్తూ, దారిలో ఒక బెంగాలీ దాదా టీకొట్టు దగ్గర కూర్చున్నప్పుడు అడిగేశాను, ఆ రోజు అంత కోపం ఎందుకొచ్చిందని. ఆయన తాగేసిన మట్టికప్పు బెంచీ మీద పెట్టారు.

"ఓపాలి తెల్లారగట్ల, పొగమంచు" అని మొదలుపెట్టారు. "బియ్యం పెట్టెల మజ్జన సప్పుడైనాది. 'కౌన్ హై' అన్నాను. పలకలేదు. వంగి టార్చి ఏసినాను. సక్రాల ఎనకాల పాదాలు రెండు కనపడినాయి. మట్టెలున్నాయమ్మా. 'కుత్తా హై', కుక్కేలే అని పైకనేసి, ఎనక్కి తిరిగొచ్చేసినాను."

"జాలిపడినావా నాన్నా?"

"అదే తెలీదు. ఆ ఆడమనిసి ఎనకాల ఎంతమందున్నారో ఏటో. నానొక్కడిని, సేతిలో కర్ర. భయపడినానో, జాలిపడినానో, ఇన్నేళ్ళయినా నాకే తెలీదు. ఈడు ఎర్రిబాగులోడని నవ్వినాడు. నాకు ఆ కాపలావోడు కాదు, నానే పడిపోయినట్టయినాది."

ఇంటికి పోదామని లేచాం. నాలుగడుగులు వేశాక, ఎవరో అడిగినట్టు ఆయనే మళ్ళీ అన్నారు.

"మీరు మాత్తరం? నాను పడుకున్నానని సప్పుడు సెయ్యకుండా నడిసేవోళ్ళు కాదేటి? సగం దినాలు నాకు నిద్దరే పట్టేది కాదు. బకెట్టు మోసుకుని మీరిద్దరూ గుమ్మం దాటేదాకా ఇంటూ పడుకునేవోడిని. అంత కష్టపడి నడుస్తుంటే కళ్ళెలా ఇప్పడం?"

నేను దారిలో నిలబడిపోయాను. చిన్నతనమంతా ఆయనకు వినబడకుండా బతికామనుకున్నాను, ఆయనేమో మాకు తెలియకుండా మెలకువగా ఉన్నాడు. మరి ఎవరు ఎవరినుంచి దాక్కున్నట్టు? ఎవరు ఎవరికి కాపలా కాసినట్టు? ఆనందపడాలో, ఇన్నేళ్ళూ మోసపోయానని ఉడుక్కోవాలో తెలియక, ఎవరిమీదో తెలియని అలకతో కూరల సంచీ ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంటూ ఇంటికొచ్చాను.

తమ్ముడికి పాదాల సంగతి చెప్పలేదు, అది ఆయన సొంతం. నిద్ర సంగతి మాత్రం చెప్పాను. ఆ తర్వాతి ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక వాడు దుప్పటి తీసి, ఆట మొదటినుంచీ పెట్టాడు, ఈసారి కర్ర వాడకుండా, ఎవరినీ ముట్టుకోకుండా. ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కొట్టి పడేస్తే దారి సులువు, కొట్టకూడదంటే ప్రతి కాపలావాడి నడక, దగ్గు, అలసట అన్నీ మనం తెలుసుకోవాలి. చాలాసేపటికి ఆ మూలకు చేరి, వెనక్కి తిరగకుండానే పిలిచాడు.

"నాన్నా, ఓపాలి రావా?"

లోపలినుంచి చప్పుడు లేదు. మళ్ళీ పిలవలేదు వాడు. కాస్సేపటికి గుమ్మంలో నాన్న నీడ పడింది, ఆ వెనక చేతులు తుడుచుకుంటూ అమ్మ. తెరమీద లాంతరు దగ్గరకొస్తోంది. తమ్ముడు మీటలమీదనుంచి రెండు చేతులూ తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కాపలావాడు సరిగ్గా మా ఎదుటకు వచ్చి ఆగాడు, లాంతరు ఎత్తాడు. మా నలుగురిలో ఎవరూ ఊపిరి తీసుకున్నట్టు నాకు గుర్తులేదు.

అప్పుడు కరెంటు పోయింది.

తెర నల్లబడి, ఫ్యాను గిరగిరా తిరిగి ఆగి, వీధిలో ఎవరో కరెంటువాళ్ళను బెంగాలీలో తిట్టడం వినిపించింది. ముందు నాన్నే నవ్వారు. రిటైరయ్యాక ఆయన అలా నవ్వడం నేను అదే మొదటిసారి చూడటం.

"సూసేసినాడంటావా?" అని తమ్ముడు అడిగాడు.

"ఎల్లిపోయుంటాడులే" అన్నారు నాన్న, వాడి భుజం మీద చెయ్యివేసి. "ఆడికీ ఇల్లుంటాది కదా."

అమ్మ మాత్రం, ఇంతకీ గెలిచారా ఓడారా అని ఆ సాయంత్రమంతా అడుగుతూనే ఉంది, మాకే తెలిస్తే కదా చెప్పడానికి. తమ్ముడు సాలువా మాట మళ్ళీ ఎత్తలేదు. కొన్నాళ్ళకు ఆ మిషను పాడైపోయింది. నాన్న పోయి చాలా ఏళ్ళయింది, తర్వాత అమ్మ. తమ్ముడు పెళ్ళి చేసుకుని ఉద్యోగం కోసం భువనేశ్వర్ వెళ్ళి స్థిరపడ్డాడు.

ఇదంతా మేనకోడలికి చెప్పాను, వాళ్ళ తాత సంగతి గనక పాదాల మాటతో సహా. అది నోరు తెరుచుకుని విని, అయితే ఆ ఊపిరి బిగబట్టించే పట్టు ఎక్కడుంది అత్తా, దాక్కోవడంలోనా, చూసినవాడు వదిలేయడంలోనా అని అడిగింది. నాకు ఇప్పటికీ తెలియదన్నాను. వాళ్ళు ఇప్పుడు చేస్తున్న ఆటలో కాపలావాళ్ళను ఇంకా చురుగ్గా తయారుచేస్తున్నారట, ఏ చప్పుడైనా వదలరట, ఎలక అనుకుని వెళ్ళిపోయేవాడు ఇకమీదట ఉండడట. మంచిదే కాబోలు. నిమ్‌పురా వైపు వెళ్ళినప్పుడు చూస్తాను, యార్డు నిండా పెద్ద పెద్ద దీపాలు, స్తంభాల మీద కెమెరాలు, మంచులో కూడా ఎవరి పాదాలూ దాగవు. మేమున్న క్వార్టరు వరస కూల్చేశారు.

మేనకోడలు వెళ్ళిపోయింది. ఇంట్లో నేనొక్కదాన్నే, పగలు పడుకునేవాళ్ళెవరూ లేరు, రేడియో ఎంత పెద్దగా పెట్టుకున్నా అడిగేవాళ్ళు లేరు. అయినా మధ్యాహ్నం పూట తలుపు మెల్లగానే వేస్తాను, గిన్నె నేలకు తగలకుండానే దించుతాను. ఎవరి నిద్ర కోసమో నాకు తెలియదు.