పదిహేడో ఎక్కం వస్తే చాలు

కిందటేడు కోడింగ్ పోటీకి రెండు రోజుల ముందు, నాచారంలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసు ప్రింటరు ఉదయం పదిన్నరకు పదిహేడో ఎక్కం చెప్పడం మొదలుపెట్టింది. పదిహేడొకట్ల పదిహేడు, పదిహేడు రెళ్లు ముప్పైనాలుగు అంటూ వరసగా చెప్పుకుపోయి, పదిహేడు ఇరవై వేలు మూడు లక్షల నలభై వేలు అన్నచోట కాగితాలు అయిపోయి ఆగింది. ఎక్కడా ఒక్క తప్పు లేదు. అవి హాల్‌టికెట్ల కోసం తెప్పించిన ఐదు వందల కాగితాలు.

కారకులు ల్యాబ్ ఇన్‌చార్జి సాంబయ్య సారు. ఆయనకు లోకంలో చేతకాని పని ఒక్కటే: ఏ కంప్యూటర్ భాషనైనా సరే, 'నువ్వు పనికిరావు, పో' అనడం. ఎవరు ఏ భాష పేరు చెప్పినా దాన్ని ఒక యంత్రంలోకి ఎక్కించి, పదిహేడో ఎక్కం అప్పజెప్పించుకుంటారు. అప్పజెప్పిందా, పోటీలో ఉన్నట్టే. ఆ రోజు పరీక్షకు నిలబడింది ఆయన వయసున్న ఒక పాత భాష.

"ఆపలేకపోయారా?" అని ప్రిన్సిపాల్ అడిగితే, "మొదలుపెట్టుడు పుస్తకంల మొదటి పేజీల ఉన్నది సార్. ఆపుడు నాలుగో పేజీల ఉన్నదట. నేనింక ఆడిదాంక పోలె" అన్నారు.

ఈ ఏడు పోటీ బాధ్యత హరిచందన మెడకు చుట్టుకుంది. కాకినాడ పిల్ల. ఉప్పల్‌లో హాస్టల్లో ఉంటూ ఏడాదిగా ఇక్కడ పాఠాలు చెబుతోంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ప్రిన్సిపాల్ విజయభాస్కర్ గారు ఆమెను పిలిచి, "పోటీ సవ్యంగా జరిగితే మీ ఆర్డర్ మీద సంతకం పెడతాను. మళ్లీ ఏదైనా అయిందో..." అని ఆగారు. వాక్యాలు పూర్తిచేయకపోవడం ఆయన పరిపాలనా పద్ధతి. మిగతాది ఎదుటివాళ్లు ఇంటికెళ్లి పూర్తి చేసుకుని నిద్ర పాడుచేసుకోవాలి.

పైగా ఈసారి పోటీ పెద్దది. ఉప్పల్‌లోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మొదటి ఐదుగురిని ఉద్యోగం ఇంటర్వ్యూకి పిలుస్తానంది. కాలేజీ పిల్లలే కాదు, చుట్టుపక్కల ఎవరైనా రావచ్చని పోస్టర్లు వేశారు.

హరిచందన మూడు భాషల జాబితాతో ల్యాబ్‌కి వెళ్లింది. సాంబయ్య సారు దగ్గర పదకొండు భాషల జాబితా తయారుగా ఉంది.

"మూడు చాలండీ. సీ ప్లస్‌ప్లస్, జావా, పైథాన్."

"మిగిలినయి ఏం పాపం జేసినయమ్మా?"

"పాపం చేయలేదండీ. వాటిలో ఎవరూ రాయరు."

"పెండ్లికి రానోళ్లకు గూడ కార్డు ఇస్తం గదా!"

"కొన్ని మరీ నెమ్మదిగా నడుస్తాయి. వాటికి టైము ఎలా పెడతారు?"

"బస్సుల ముసలోళ్లకు సీట్లు ఇస్తలేమా? గట్లనే, జర ఎక్కువ ఇద్దం."

ఈలోగా ఫైనలియర్ టాపర్ వంశీకృష్ణ నలభైమూడు సంతకాల అర్జీ పట్టుకొచ్చాడు. సీరియస్ పోటీ అన్నాక సీ ప్లస్‌ప్లస్ ఒక్కటే ఉండాలని దాని సారాంశం. సాంబయ్య సారు సంతకాలన్నీ ఓపిగ్గా చదివారు.

"గిది ఏ భాషల రాసినవ్ బిడ్డా?"

"ఇంగ్లీషులో సార్."

"ఇంట్ల మీ నాయినతోని ఏ భాషల మాట్లాడతవ్?"

"తెలుగులో."

"మరి మీ నాయిన సీరియస్ గాదా?"

ఏ జవాబిచ్చినా అది ఇంటిదాకా పోతుందని తోచి, వంశీకృష్ణ అర్జీ వెనక్కి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

హరిచందన ఆ జాబితాలో పదో భాష దాకా ఓర్చుకుంది. పదకొండోది చూసి ఆమె గొంతు లేచింది. "ఎక్సెల్ మాక్రోనా? సార్, ఎక్సెల్ అంటే గళ్లలో అంకెలు వేసుకునేదండీ!"

"గళ్ల ఎనక భాష ఉన్నదమ్మా. సూడు." సారు ఒక మీట నొక్కారు. పదిహేడో ఎక్కం గడికొక మెట్టు చొప్పున దిగి, నూట డెబ్బై దగ్గర బుద్ధిగా ఆగింది.

"ఆగింది కూడానూ!" అంది హరిచందన, కోపం మరచిపోయి.

"నేర్పినోళ్లు మంచిగ నేర్పిన్రు" అన్నారాయన.

వ్యవహారం ప్రిన్సిపాల్ గదికి చేరింది. "ఆ పదకొండోది తీసేయండి. లేకపోతే..." అన్నారు విజయభాస్కర్ గారు.

"తీసేయుండ్రి సార్" అన్నారు సాంబయ్య సారు నింపాదిగా. "పన్లపని, జడ్జీల కాడ నా పేరు గూడ తీసేయుండ్రి. జవాబులు దిద్దే యంత్రం నడిపేటోణ్ని గూడ సూసుకోండ్రి. ఎక్కం అప్పజెప్పినదాన్ని బయట నిలబెట్టుడు నాతోని గాదు."

ఆ యంత్రం నడపడం కాలేజీలో మరెవరికీ రాదు. 'సాయంత్రంలోగా చూడండి' అన్నట్టు ప్రిన్సిపాల్ హరిచందన వైపు చూశారు.

ఆమె పేర్ల పట్టిక తీసింది. అరవై నాలుగు మందిలో ఎక్సెల్ మాక్రో రాసుకున్నది ఒక్కరే. అరవై ఒకటో నంబరు, సంతోషి, వయసు ముప్పై ఎనిమిది, నాచారంలో సీసా మూతల ఫ్యాక్టరీ, డిస్పాచ్ సెక్షన్. ఈ ఒక్కావిడ ఇంకో భాషకు మారితే పీడా పోతుందని హరిచందన ఫోన్ చేసింది.

"నాకదొక్కటే వస్తది మేడం" అంది అవతలి గొంతు. "ఇంటర్‌తోనే సదువు బందైంది. ఫ్యాక్టరీ కంప్యూటర్ల వేరేది ఎక్కియ్యనియ్యరు. అందుకే ఉన్నదాంట్లనే నేర్సుకున్న. ఈ పోటీ ఎవరన్న రాయొచ్చు, ఏ భాషల రాసినా ఒప్పుకుంటరు అని మా ఫ్యాక్టరీల పనిజేసే లక్ష్మీనర్సమ్మక్క చెప్పింది. వాళ్లాయన మీ కాలేజీలనే ఉంటడు గదా, సాంబయ్య సారు? ప్రతి ఆదివారం వచ్చి నా కాడ నేర్సుకుంటుండు."

"సారా? మీ దగ్గరా?"

"అవు మేడం. మస్తు మంచాయన. గాని ఏందో పాపం, నెల సంది పదిహేడో ఎక్కం కాడ్నే ఉన్నడు."

హరిచందన ఫోన్ పెట్టేసి, నవ్వాలో తల పట్టుకోవాలో తేలక, తిన్నగా ల్యాబ్‌కి నడిచింది.

"ఆవిడ కోసమేనని ముందే చెప్పొచ్చు కదండీ! ఇంత గొడవెందుకు?"

సాంబయ్య సారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "నాలుగు రోజుల పని ఆ పిల్ల పావుగంటల జేస్తదని మా ఇంటామె చెప్పింది. పోయి సూసిన, నిజమే. గాని ఆమె కోసమని చెప్తే, ఆమె కోసం రూల్ మార్చిన్రంటరు. గెలిసినా జాలిపడి గెలిపిచ్చిన్రంటరు. అదే సాంబయ్యకు పిచ్చి అనుకుంటే ఎవ్వరికీ ఫికర్ లేదు. ఆమెకు గూడ తెల్వదు, చెప్పకు."

ఆ సాయంత్రం ప్రిన్సిపాల్ గదిలో హరిచందన జాబితా బల్లమీద పెట్టింది. "పదకొండూ ఉంటాయండీ."

"చూడండమ్మా, నేను ముందే చెప్పాను, లేకపోతే..."

"లేకపోతే నా ఆర్డర్ మీద సంతకం పెట్టరు. అంతేకదండీ? పదకొండూ ఉంటాయి."

ఆయన వాక్యాన్ని ఆయన ఎదుటే పూర్తిచేసినవాళ్లు ఇంతవరకూ లేరు. విజయభాస్కర్ గారు ఏం చేయాలో తోచక కళ్లజోడు తీసి, పెట్టుకుని, జాబితా మీద సంతకం పెట్టేశారు.

పోటీ రోజు సంతోషి పచ్చచీర మీద ఫ్యాక్టరీ ఐడీ కార్డుతోనే వచ్చింది. రెండు లెక్కలు చకచకా తేల్చేసింది. మూడోది కబడ్డీ లెక్క. రెండు జట్ల స్కోరు మధ్యలో అడ్డగీత పెట్టి చూపాలి. ఆమె ప్రోగ్రాము 3-4 అని రాసింది. ఎక్సెల్ దాన్ని గౌరవంగా ఏప్రిల్ మూడో తారీఖు చేసింది. యంత్రం 'తప్పు' అంది.

హరిచందన గబగబా సారు దగ్గరకు వెళ్లింది. "సార్, లెక్క సరిగ్గానే చేసిందండీ. పోనీ మనం..."

"తప్పు తప్పేనమ్మా" అన్నారు సాంబయ్య సారు. ఆయన ముఖం కూడా వాడింది. "లోపలికి రానిచ్చుడు మన పని. మార్కులు తెచ్చుకొనుడు ఆమె పని."

సంతోషి తెర వైపు ఒక్క క్షణం చూసి ఫక్కున నవ్వింది. "ఓసి నీ! మా బ్యాచ్ నంబర్లు రోజూ గిట్లనే తారీఖులైతయి" అని, గడిని అక్షరాల గడిగా మార్చే ఒక్క వరస చేర్చి మళ్లీ పంపింది. ఈసారి యంత్రం 'ఒప్పు' అంది. సాంబయ్య సారు చప్పట్లు కొట్టబోయి, జడ్జినని గుర్తొచ్చి, ఆ చేతులతోనే దోమను కొట్టినట్టు నటించారు.

సంతోషికి నాలుగో స్థానం వచ్చింది. కంపెనీవాళ్లు అక్కడికక్కడే ఇంటర్వ్యూ తేదీ ఇచ్చారు. విజయభాస్కర్ గారు హరిచందన దగ్గరకొచ్చి, "మీ ఆర్డర్..." అన్నారు. ఈసారి ఆమె సాయం చేయలేదు. పాపం, ఆయనే పూర్తిచేసుకోవాల్సి వచ్చింది: "...మీద సంతకం పెట్టానమ్మా."

నోటీసు బోర్డు దగ్గర వంశీకృష్ణ నిలబడి ఉన్నాడు. అతనిది ఆరో స్థానం. ఇంటర్వ్యూ ఒక్క మెట్టులో పోయింది. సాంబయ్య సారు కనబడగానే ఎదురొచ్చాడు.

"ఇది అన్యాయం సార్! అసలు ఎక్సెల్ కూడా ఒక లాంగ్వేజేనా?"

సారు అతని భుజం మీద చేయి వేశారు.

"దాని చేతుల ఓడినంక గూడ అనుమానమేనా బిడ్డా?"