ఒంగోలుకు మూడో దారి

1984లో నన్ను గుంటూరు ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా వేశారు. పై ఊళ్ల కాల్స్‌ను చేత్తో కలిపే రోజులవి. ఒంగోలుకు నేరుగా లైను ఉండేది. అది తెగితే సముద్రం వైపున్న మరో ఊరి ఎక్స్ఛేంజి ద్వారా పంపేవాళ్లం. ఆ ఊరి పేరు చెప్పను, అక్కడి ఆపరేటరమ్మ తప్పేం లేదు పాపం. ఆ రెండో దారి పలుకుతున్నంతసేపూ మూడో దారి జోలికి పోకూడదని మా ఆనవాయితీ.

పత్తి తీతల కాలంలో ఒకసారి గాలివాన పట్టుకుంది. నేరు లైను తెగింది, బస్సులు ఆగిపోయాయి. పెదకాకాని నుంచి సామ్యేలు మాస్టారు తడుస్తూ వచ్చి అర్జెంటు కాల్ బుక్ చేశారు. ఆయన భార్య రూతమ్మ ఒంగోలు ఆస్పత్రిలో ఉంది. కడుపులో పుండు, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు. ఆయన మాట వింటేగానీ ఆపరేషన్‌కు ఒప్పుకోనని భీష్మించుకుందని లైను తెగకముందే కబురొచ్చిందట.

రెండో దారిలో అడిగాను. "ఉన్నానండీ, ఇస్తున్నా, ఉండండి" అంది ఆపరేటరమ్మ. మళ్లీ అడిగితే మళ్లీ అదే మాట. ఆమె పలుకుతోంది గనక దారి ఉన్నట్టేనని మేమంతా నిబ్బరంగా కూర్చున్నాం. మాస్టారు బల్ల మీద కూర్చోలేక, నిలబడలేక అవస్థ పడుతున్నారు.

చివరికి తోచి, "మీరు సరే, మీకు ఒంగోలు పలుకుతోందా?" అన్నాను.

"లేదండీ, పొద్దుట్నుంచీ ప్రయత్నిస్తూనే ఉన్నా."

మా సూపర్‌వైజరుగారిని అడిగి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా చుట్టు తిప్పాను. మాట మార్కాపురం దాకా చేరింది. ఆ పైన ఒంగోలు ఆస్పత్రికి మా గొంతు వినపడటం లేదు. అలాంటప్పుడు మధ్య ఆపరేటరు ఆ మాటను తన గొంతుతో అందించడం మా పద్ధతి. అక్కడున్నది ఓ బొంగురు గొంతు ఆయన.

"రూతూ, భయపడమాక. డాక్టరుగారి మాట విను" అన్నారు మాస్టారు.

మార్కాపురం తటపటాయించింది. "రూతమ్మగారూ అని చెప్పనా అండీ?"

"వద్దు బాబూ. రూతూ అనే అనండి. లేకపోతే నేనని నమ్మదు."

ఆ బొంగురు గొంతు పరాయి ఇల్లాలిని ఎంత మెత్తగా "రూతూ" అని పిలిచిందో నాకిప్పటికీ చెవుల్లో ఉంది. కాసేపటికి జవాబొచ్చింది: "సరేనన్నారండీ. కోళ్లకి గింజలేశారా అని అడుగుతున్నారు."

మాస్టారు నవ్వబోయి ఏడ్చేశారు. నేనూ ఏడ్చాను. ఆపరేషన్ జరిగింది, ఆవిడ బతికింది.

పక్క ఎక్స్ఛేంజి పలికినంత మాత్రాన దారి ఉన్నట్టు కాదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, డ్యూటీ ఎక్కగానే పక్క ఊరిని "ఉన్నారా?" అని అడగడం మానేశాను. "మీకు అవతలి ఊరు పలికిందా?" అని అడిగేదాన్ని.