బాపు బోటు, మామ ట్రాలీ

మొహమాటం అనే జబ్బు మా ఇంట్లో బాపుకు ఉండేది. నాకు లేదు. అవ్వకు, అంటే మా అమ్మకు, ఉందో లేదో చాలా ఏళ్ల దాకా మాకు తెలియలేదు. తెలిసిన రోజు ఆమె ఒక మోటారు బోటులో కూర్చొని ఉంది. బోటు మాత్రం నీళ్లలో లేదు, అడవి రోడ్డు మీద ఉంది.

బాపు ఆదిలాబాద్ జిల్లాలో ఒక డ్యామ్ దగ్గర ఆ బోటు నడిపేవాడు. అరవై తొమ్మిదిలో కొలువులో చేరాడు. టేకు చెక్క బోటు, ఆరుగురు కూర్చోవచ్చు, ఇంజను వెనక వైపు ఒక చెక్క మూత కింద ఉండేది. ఇంజనీర్లు గేట్లు చూడటానికి వస్తే వాళ్లను నీళ్ల మీద తిప్పడం ఆయన పని. మా క్వార్టర్ కట్ట కిందే. మధ్యాహ్నం అవ్వ టిఫిన్ డబ్బా పట్టుకొని కట్ట ఎక్కేది, బోటు ఒడ్డుకు వచ్చేదాకా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని చూసేది. ఇరవై ఏళ్లు అట్లా చూసింది. ఎక్కలేదు. "సర్కారు బోటు, సర్కారు పెట్రోలు. ఇంటోళ్లు ఎక్కద్దు" అనేవాడు బాపు. చిన్నప్పుడు నేను ఒకసారి ఏడ్చి, నేల మీద పొర్లి, చివరికి బోటు తాడు పట్టుకొని వేలాడాను. వీపు మీద ఒకటి పడిందే గానీ బోటు దక్కలేదు. అవ్వ ఒక్కసారి కూడా అడగలేదు.

ఆయన రిటైరయ్యే నాటికి డ్యామ్‌కు కొత్త బోటు వచ్చింది. పాతదాన్ని వేలం వేస్తే బాపే పాడుకున్నాడు. అప్పటికి నాకు కరీంనగర్‌లో టీచరు ఉద్యోగం వచ్చి అందరం ఇక్కడికి చేరాం. ఊరి పక్కనే మానేరు డ్యామ్ నిండి ఉంది. అందులో బోటు నడుపుకోవడానికి ఆఫీసు అనుమతి కూడా ముందే తెచ్చుకున్నాడు. అనుమతి లేకుండా ఆయన గుటక కూడా వేయడు మరి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని అవ్వతో అన్నాడు, "ఇగ మనదే. నిన్ను కూసోబెట్టి డ్యామంత తిప్పుత."

"ఆ, సూద్దాం తియ్" అని అవ్వ పప్పు వేసింది. వేసిన పప్పు మీదే మళ్లీ పప్పు వేసింది. ఆమె ఎంత ఆశపడుతోందో నాకు అప్పుడు అర్థమైంది.

బోటుతోపాటు దాన్ని మోసే రెండు చక్రాల ఇనుప ట్రైలర్ కూడా మాకే వచ్చింది. ఏళ్ల తరబడి నీళ్లలో దిగి ఎక్కి అది తుప్పుపట్టిపోయింది. బోటు తేవడానికి వెళ్లి పాత డ్యామ్ ఒడ్డున దాన్ని సగం పైకి లాగామో లేదో ట్రైలర్ ఇరుసు విరిగింది. బోటు కట్ట రాళ్ల మీద పక్కకు ఒరిగింది. కింద దుంగలు పెట్టి ఆపాం. అది రోహిణి కార్తె. ఎండకు చెక్క పలకలు ఎండి వాటి మధ్య సందులు విచ్చుకుంటాయని తడి గోనె సంచులు కప్పాం. ఎండతో ఇది తిప్పలైతే, వాన వస్తే ఇంకో రకం తిప్పలు. డ్యామ్‌లోకి వరద దిగితే అలలు బోటును ఆ రాళ్లకే వేసి కొడతాయి. కాపలా మనిషిని సంచులు తడుపుతుండమని బతిమాలి బయలుదేరాం. ఆ వేళ బాపు బోటు పొట్ట మీద చెయ్యి వేసి అన్నాడు, "ఒక్క పలక పలిగినా మల్ల చేసెటోడు లేడు బిడ్డా. దీన్ని చేసిన మేస్త్రి ఎన్నడో పోయిండు."

అంటే వానలకు ముందే ఇంకో ట్రైలర్ కావాలి. మోటారు బోటుకు ట్రైలర్ కరీంనగర్‌లో ఎవరు అమ్ముతారు? నేను పురికొసతో బోటు పొడుగు కొలుచుకొని వచ్చాను. ఆ పురికొస సంచిలో వేసుకొని బాపూ నేనూ తుక్కు దుకాణాలన్నీ తిరిగాం. ఒకచోట పాత జీపు ట్రైలర్ దొరికింది. చక్రాలు బాగున్నాయి. కానీ పురికొస పరిచి చూస్తే పొట్టి. ఇంజను ఉన్న వెనక భాగం ఆధారం లేకుండా బయటికి వేలాడుతుంది.

"జర బయటికుంటే ఏమైతదమ్మా" అన్నాడు దుకాణదారు.

"నువ్వు పండుకుంటే నడుము కాన్నుంచి మంచం లేకపోతే ఏమైతదో గదే అయితది" అన్నాను. బాపు ఆయనకు క్షమాపణ చెప్పినట్టు నవ్వి, నా రెక్క పట్టుకొని బయటికి లాక్కొచ్చాడు.

చివరికి ఒక వెల్డింగు షాపాయన మా బాధ విన్నాడు. పాత అంబాసిడర్ కారు వెనక ఇరుసు, కుదుపుకు వంగి లేచే దాని కమాన్ పట్టీలు తన దగ్గర ఉన్నాయన్నాడు. వాటి మీద పొడుగు చట్రం కట్టి, బోటు పొట్ట వంపుకు సరిపోయేట్టు చెక్క దిమ్మెలు బిగించి, పైన టైరు రబ్బరు కొడతానన్నాడు. వారం పడుతుందన్నాడు. బాపు ఆ పట్టీల మీద కాలు పెట్టి తన బరువంతా వేసి ఊగి చూశాడు. "గిది మెత్తగ పోతది" అన్నాడు. ఆయన ముఖం అట్లా వెలగడం నేను చాలా రోజుల తర్వాత చూశాను. ఇంటికి వెళ్లి ఆలోచించుకొని పొద్దున్నే వస్తామని చెప్పి వచ్చాం. ఆలోచించుకోవడానికి ఏముందని వచ్చామో! అక్కడే కానిచ్చేస్తే సరిపోయేది.

ఇంట్లో మామ కూర్చొని ఉన్నాడు. మామ అంటే అవ్వ తమ్ముడు. జమ్మికుంట దగ్గర భూములు, పత్తి సాగు. అక్కంటే ప్రాణం, తన మాటంటే ఇంకొంచెం ఎక్కువ ప్రాణం. ఆ ఏడే కొత్త ట్రాక్టరు, ట్రాలీ కొన్నాడు.

"బావా, నా ట్రాలీ ఇంట్ల ఉండంగ నువ్వు తుక్కు దుకాణాల పొంటి తిరుగుతున్నవంట. నలుగురు ఇంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మామా, అది పత్తి మోసే బండి" అన్నాను.

"పత్తి బోరాలు ఇంటెత్తు ఏస్తం బిడ్డా దానిమీద. గీ చెక్క డొప్ప ఒక లెక్కనా? ఎంత గట్టి బండి ఎరికేనా?"

"మరీ గట్టిది, గదే బాధ. ఖాళీ బస్సు గుంతల్ల ఎట్ల ఎగిరేస్తది? అదే బస్సు నిండ మంది ఉంటే మెత్తగ పోదా? నీ ట్రాలీకి బోటు బరువు ఆనదు. ఖాళీ బండి లెక్కనే ఎగురుతది, బోటును ఎగిరేసి కొడ్తది."

మామ నా వైపు చూడను కూడా లేదు. "పిల్ల బళ్లె చెప్పేది ఇంట్ల గూడ చెప్తుంది. నువ్వు చెప్పు బావా. నా బండి నీకు అక్కరకు రాదా?"

మా దిక్కు బామ్మర్ది ఇస్తానన్నదాన్ని వద్దంటే, ఆ ఇంటి నుంచి వచ్చిన ఆడబిడ్డను చిన్నబుచ్చినట్టే. తర్వాత ఏ పెళ్లికి వెళ్లినా ఆ మాటే వినాలి. అది నాకూ తెలుసు. అయినా బాపు వైపు కళ్లురిమి చూస్తూనే ఉన్నాను. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అట్లేం లేదు బామ్మర్దీ. నీది ఉండంగ ఇంకోటెందుకు. గట్లనే కానీ."

నేను అన్నం తినకుండా లేచాను. అవ్వ తమ్ముడికి ఇంత, మొగుడికి ఇంత వడ్డించింది.

పాత డ్యామ్ దగ్గర చెయిన్ పుల్లీ కట్టి, పది మంది పట్టి, బోటును ట్రాలీలోకి ఎక్కించాం. కింద వరిగడ్డి పరిచాం. దారిలో సంచులు తడుపుతూ ఉండాలంటే ఎవరో ఒకరు బోటులో కూర్చోవాలి. "నేను కూసుంట" అంది అవ్వ. చెప్పులు విడిచి చేత్తో పట్టుకొని ఎక్కింది. బాపు గభాలున కట్ట వైపు తిరిగి చూశాడు, ఎవరైనా ఆఫీసరు చూస్తున్నాడేమోనని. అవ్వ అది గమనించి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నేను కూడా నీళ్ల డ్రమ్ముతో, బకెట్టుతో ఆమె పక్కన చేరాను. మామే ట్రాక్టరు నడిపాడు. బాపు ఆయన పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు.

జన్నారం వైపు అడవి రోడ్డు. మామ మెల్లగానే నడిపాడు, అది ఒప్పుకోవాలి. మెల్లగా పోయినా ప్రతి గుంతకూ ట్రాలీ ఎగిరింది, దానితో బోటు ఎగిరి దబ్బున కూర్చుంది. ప్రతి దెబ్బకూ నా పళ్లు కొట్టుకున్నాయి. ఇక్కడితో అయిపోతుంది, ఇక్కడితో అయిపోతుంది అనుకుంటూ బోటు అంచు పట్టుకున్నాను. ఒక కల్వర్టు దిగేటప్పుడు కింద టక్కుమంది. సంచి ఎత్తి చూస్తే అడుగున రెండు పలకల మధ్య నుంచి వెలుతురు గీతలా కనపడుతోంది.

ట్రాక్టరు చప్పుడులో నా అరుపు ముందుకు చేరలేదు. అవ్వ బకెట్టు తీసుకొని ట్రాలీ రేకు మీద దబదబ కొట్టింది. మామ ఆపాడు. బాపు దిగి వచ్చి, ట్రాలీ ఎక్కి, వంగి ఆ సందులో గోరు పెట్టి చూశాడు. ఆయన పెదవులు తెల్లబడ్డాయి. ఇప్పుడైనా చెప్తాడని చూశాను.

"ఏం కాలే" అన్నాడు. "జర ఇంకా మెల్లగ పోనియ్యి బామ్మర్దీ."

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచేలోపు అవ్వ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. ఆమె బాపు చేతినే చూస్తోంది. ఏం కాలేదన్న మనిషి ఆ సందు మీంచి చెయ్యి తీయలేదు.

"తమ్మీ" అంది. "నీ ట్రాలీ వద్దురా."

మామ ఇంజను ఆపేశాడు. "ఏమంటున్నవక్కా?"

"నీ బండి మంచిదే. నా బోటుకు పనికిరాదు."

నా బోటు అంది. బాపు తలెత్తి చూశాడు.

"బావనే ఏమంటలేడు గద" అన్నాడు మామ.

"మీ బావ అనడు. ఇరవై ఏండ్లు సర్కారుకు భయపడి నన్ను దీంట్ల కాలు పెట్టనియ్యలే. ఇప్పుడు నీకు మొహమాటపడి దీన్ని పలగనిస్తుండు. మరి నేనెప్పుడెక్కాలె? చెప్పుండ్రి. మీ ఇద్దరి నడుమ నేనెప్పుడెక్కాలె?"

గొంతు పెంచలేదు. చేతిలో చెప్పులు అట్లాగే ఉన్నాయి. మామ ముఖం నల్లబడింది. ట్రాలీ చక్రాల కింద రాళ్లు పెట్టాడు, ముందు స్టాండు దించాడు, కొక్కెం పిన్ను గుంజేశాడు. ఒట్టి ట్రాక్టరు నడుపుకుంటూ వెళ్లిపోయాడు. రోడ్డు వంపు తిరిగి కనపడకుండా పోయేదాకా అవ్వ అటే చూసింది. తర్వాత మా ముందే ఏడ్చింది. బోటు కోసం పుట్టింటిని పోగొట్టుకున్నానంది. బాపు ఆమె పక్కన నిలబడి తువ్వాలును మెలిపెడుతూనే ఉన్నాడు.

బోటు అక్కడే ఇప్పచెట్టు కింద, మామ ట్రాలీ మీదే ఉండిపోయింది. పక్క ఊళ్లో ఒక ఇంటివాళ్లు అవ్వకూ బాపుకూ వసారా ఇచ్చారు. ఇద్దరూ బోరింగు నీళ్లు మోసి సంచులు తడిపారు. నేను బస్సెక్కి కరీంనగర్ వచ్చి వెల్డింగు షాపాయనకు పని చెప్పాను. ట్రైలర్ తయారైనా దాన్ని ఏ బండికి తగిలించి తీసుకెళ్లాలి? అడిగిన లారీవాళ్లు అడవి రోడ్డుకు రామన్నారు. రోజూ సాయంత్రం మబ్బు పడుతోంది.

చెప్పిన రోజు షాపుకు వెళ్తే ట్రైలర్ లేదు.

"తీస్కపోయిండు గదమ్మా" అన్నాడాయన. "మీ మనిషినే అన్నడు."

నిజంగా మా మనిషే అయితే ఇప్పచెట్టు దగ్గరికే తీసుకెళ్లాలి. ఎవరు, ఏమిటి అని అడగడానికి కూడా ఆగకుండా జన్నారం బస్సు పట్టుకొని, దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. ఇప్పచెట్టు దగ్గర దిగేసరికి అక్కడ ట్రాక్టరు ఆగి ఉంది. దాని వెనక మా కొత్త ట్రైలర్ ఉంది. మామ లుంగీ ఎగ్గట్టి దిమ్మెలకు నూనె రాస్తున్నాడు. కరీంనగర్ వెల్డింగు షాపులన్నీ అడుగుతూ తిరిగి దాన్ని కనుక్కున్నాడట.

"ట్రాలీ వద్దన్నది మా అక్క" అన్నాడు నన్ను చూసి. "ట్రాక్టర్ వద్దని ఎవలన్నరు?"

ఒక పత్తి మూట కూడా తెచ్చాడు. బాపు ఆ పత్తిని పేని, పలకల సందులో ఉలితో కూరి, మీద డాంబరు పూశాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి పని చేశారు. బోటు ట్రైలర్ మీద కరీంనగర్ దాకా వచ్చింది. గుంత వచ్చినప్పుడు పట్టీలు వంగి లేచాయి, బోటు వాటితోపాటు ఊగింది. గోదావరి వంతెన దాటేటప్పుడు అవ్వ నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

మానేరు ఒడ్డున ట్రైలర్‌ను వెనక్కి నీళ్లలోకి దించి, బోటును వదిలాం. పలకలు నీళ్లు తాగి ఉబ్బేదాకా రెండు రోజులు కట్టేసి ఉంచాం. మూడో రోజు అవ్వ ఇస్త్రీ చీర కట్టుకొని వచ్చింది. మామ కూడా వచ్చాడు. బాపు ఇంజను మూత తుడిచాడు. అవ్వ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి, ఒక కాలు నీళ్లలో పెట్టింది.

బాపు బోటులో నిలబడి చెయ్యి చాచాడు. "బామ్మర్దీ, ముందుగాల నువ్వెక్కు" అన్నాడు.

ఆ క్షణంలో నేను ఆయన్ని నీళ్లలోకి తోసేసేదాన్నే. అవ్వ పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. మామ చాచిన చేతిని చూశాడు, అక్క తడి పాదాన్ని చూశాడు.

"నాకు నీళ్లంటే భయం బావా" అన్నాడు. "అక్కను ఎక్కియ్యి."

వంగి, ఆమె చెప్పులు తీసి పట్టుకున్నాడు. అవ్వ ఎక్కింది. వెనకాల నేను ఎక్కాను. బోటు ఒడ్డు విడిచి, కట్టకు దూరంగా, నీళ్లు నల్లగా ఉండే నడిమి దాకా వెళ్లింది. అడుగున కొంచెం ఊట వస్తుంటే అవ్వ బకెట్టుతో తోడి బయట పోస్తోంది. తోడుతూ తోడుతూ ఆగి, ఒడ్డు వైపు తిరిగింది. మామ చెప్పులు పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నాడు.

"వానికి నీళ్లంటే భయమా?" అంది అవ్వ. "చిన్నప్పుడు మోటబాయిల పడ్డ నన్ను దుంకి బయటికి తీసింది వాడే."

బాపు ఇంజను వేగం తగ్గించి, వెనక్కి తిప్పాలా అన్నట్టు ఆమెను చూశాడు. అవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంక జర దూరం పోనియ్యుండ్రి" అంది.