పొడుగు గొట్టం, మసాలా డబ్బా

మొన్న ఆదివారం పొద్దున తొమ్మిది గంటల నలభై నిమిషాలకి, నేపర్‌విల్‌లో మా అమ్మాయి వంటింటి బల్ల దగ్గర, మా మనవడు ఫోన్ నా ముందుకి తోసి, "తాతా, ఈ మూడిట్లో ఏ బ్యారెల్ కొననూ?" అని అడిగాడు. టైము ఎందుకు గుర్తుపెట్టుకున్నానంటే, ఆ మాట నన్నొకరు అడిగి పాతికేళ్ళు దాటింది. వాడి ఆఫీసు స్నేహితులు నవంబరులో విస్కాన్సిన్ వెళ్ళి జింకల్ని వేటాడతారట, వీణ్ణీ రమ్మన్నారట, అందుకని తన పిస్టల్‌కి కంపెనీ వేసిచ్చిన బ్యారెల్ గొట్టం తీసేసి, పెద్ద తూటా పట్టే పొడుగు గొట్టం బయట కొని వేసుకోవాలట. వాడి వేలు బంగారు రంగుదాని మీదే ఆడుతోంది. జింక రంగు చూసి పడిపోదురా అన్నాను.

నేను గుంటూరులో లేతు మిషను మీద పెరిగినవాణ్ణి. బడి గడప తొక్కలేదు. మేనమామ కూతుర్ని చేసుకున్నాను, ఆవిడ నర్సు చదువు చదివింది, ఆవిడకి ఈ దేశంలో ఉద్యోగం వస్తే ఆవిడ సూట్‌కేసులతోపాటు నేనూ వచ్చాను. నర్సుల మొగుళ్ళుగా వచ్చిన నా ఈడువాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు. ఇక్కడ మేం దిగిన ఊరి చివర తుపాకులు బాగుచేసే షాపొకటి ఉండేది. దాని ఓనరు నన్ను కాగితాలేమీ అడగకుండా లేతు ముందు నిలబెట్టి, ఇనప కడ్డీ ఒకటి చేతికిచ్చి, నా చేతులకేసి చూసి మర్నాటినుంచి రమ్మన్నాడు. నా పేరు పలకడం రాక మొదటి అక్షరంతోనే పిలిచేవాడు. సరే, పిలుస్తున్నాడు కదా అనుకున్నాను.

చదువంటూ నాకు వచ్చింది ఆ షాపులోనే. గొట్టాల మీద కొట్టిన అంకెల్నీ అక్షరాల్నీ చిన్న కాగితం మీద చూసి గీసుకుని ఇంటికి తెస్తే, మా ఆవిడ డ్యూటీ నుంచొచ్చి కాళ్ళు పీట మీద పెట్టుకుని, ఇది ఏ, ఇది ఎమ్ అని చెప్పేది. అలా ముప్పై దాటాక ఇంగ్లీషు వచ్చింది. తెలుగు మరీ ఆలస్యం, మనవరాలిని ఆదివారం తెలుగు క్లాసుకి దింపడానికి వెళ్ళి, వెనక బెంచీలో కూర్చుని నేర్చుకున్నాను. అందుకే ఇప్పుడు ఇది మీరు చదువుతున్నారు.

గొట్టం ఎంచడంలో మాత్రం నన్ను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు, ఇది గొప్ప కాదు, నిజం. పొడుగు పెరిగితే తూటాకి ఊపొస్తుంది, కానీ నడుముకి పెట్టుకుని మంచె ఎక్కేవాడికి అదే పొడుగు తొడకి అడ్డం పడుతుంది. పైన నిగనిగలాడే చవక గొట్టాలు లోపలి గాడుల దగ్గర మోసం చేస్తాయి. నూలుగుడ్డ ఒకవైపు నుంచి ఇంకోవైపుకి లాగితే ఎక్కడ పట్టుకుంటుందో అక్కడే దాని గుణం బయటపడుతుంది. పిస్టల్‌లో కూర్చున్నాక వేలితో నొక్కితే కదలకూడదు. ఓనరూ, ఆయన బావమరిదీ, ఆయన ఇద్దరు కొడుకులూ, పక్క పొలం రైతూ, అందరి వేట పిస్టళ్ళకీ గొట్టాలు నేనే ఎంచి, నేనే ఆకురాయి పట్టి కూర్చోబెట్టాను. ఏటా వాళ్ళు వేట నుంచొచ్చాక నాకో జింక తొడ ముక్క ఇచ్చేవాళ్ళు. మా ఆవిడ అల్లం వెల్లుల్లి దట్టించి వండితే ఒక డబ్బా షాపుకి పట్టుకెళ్ళేవాణ్ణి, గిన్నె అడుగు నాకేవాళ్ళు.

ఏడో ఏడు ఓనరు భుజం మీద చెయ్యేసి, ఈసారి నువ్వూ వస్తున్నావు, నీ మసాలా మర్చిపోకు అన్నాడు. వేట లైసెన్సు కాగితాలన్నీ తనే చూసుకుంటానన్నాడు. నేను పొంగిపోయాను. నా పిస్టల్‌కి కూడా ఒక పొడుగు గొట్టం ఎంచుకున్నాను. మూడు నెలలు మధ్యాహ్నం భోజనం వేళల్లో దాన్ని సాపు చేసుకున్నాను. మా ఆవిడ మసాలా డబ్బా కట్టి ఇస్తూ, "వాళ్ళు మసాలా తెమ్మన్నారు గానీ బావా, తూటాలు తెమ్మన్నారా?" అంది. నీకన్నీ అనుమానాలే అని కసిరాను.

వేటకెళ్ళి దిగిన అడవి క్యాబిన్‌లో తెల్లవారుఝామున లేచి, అందరికంటే ముందు బూట్లు వేసుకున్నాను. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది, ఎవరు ఏ మంచె మీద కూర్చోవాలో ఓనరు రాసిన జాబితా. వేలు పెట్టి చదివాను. అయిదు పేర్లు. మళ్ళీ కింద నుంచి పైకి చదివాను. నా పూర్తి పేరు లేదు, వాళ్ళు పిలిచే ఆ ఒక్క అక్షరమూ లేదు. అంత కష్టపడి నేర్చుకున్న చదువు నాకు తీర్చిన మొదటి అక్కర అది. ఓనరు వెనకనుంచి వచ్చి, నవ్వుతూనే, ఉల్లిపాయలు ఆ సంచీలో ఉన్నాయి, పొయ్యి కొంచెం పొగొస్తుంది జాగ్రత్త అన్నాడు. నా పేరున లైసెన్సు తియ్యనేలేదు. తియ్యాలని ఆయనకి తట్టలేదు. చెడ్డవాడైతే తిట్టుకుని బతికేవాణ్ణి, చెడ్డవాడు కాదు, అదే నా ఖర్మ.

మధ్యాహ్నం బావమరిది పెద్ద జింకని ఈడ్చుకొచ్చాడు. గొట్టాన్ని ముద్దు పెట్టుకుని, దీనంత బంగారం లేదన్నాడు. నేను అక్కడే, రెండు గజాల్లో, గరిటె పట్టుకుని ఉన్నాను. కూర వండాను. ఉప్పు కూడా సరిగ్గా వేశాను, ఆ మాత్రం పగ తీర్చుకోవడం కూడా నాకు చేతకాలేదు. మర్నాటి సోమవారం మళ్ళీ షాపుకే వెళ్ళాను, ఇంకో పదకొండేళ్ళు. ఇంటికొచ్చి మా ఆవిడకి ఏం చెప్పానంటే, జింక కనపడలేదన్నాను. ఆవిడ డబ్బా మూత తీసి చూసి, ఖాళీగా ఉంటే, కడిగి బోర్లించింది. పోయేదాకా మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇదంతా మనవడికి చెప్పలేదు. లైసెన్సు ఎవరు తీస్తున్నారని మాత్రం అడిగాను. "నేనే తాతా, యాప్‌లో. టూ మినిట్స్. చూడు" అని చూపించాడు. వాడి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం పోకుండా ఉంది. సంతోషించాలి. సంతోషించాను, కానీ అంతకుముందు ఒక్క క్షణం వాడి మీద కుళ్ళుకున్నాను. ఇప్పటివాళ్ళు తమ పేరు ఇంకొకడు రాస్తాడని తలుపుల దగ్గర నిలబడరు. మేం నిలబడ్డాం, పిలిచినందుకే మురిసిపోయాం. వాడికి మధ్యదాన్ని, మసక రంగుదాన్ని కొనమని చెప్పాను. సొరుగులో మా ఆవిడ పాతచీర ముక్కలో చుట్టి ఉన్న నా గొట్టం ఇప్పటి పిస్టళ్ళకి పట్టదు.

ఆ కాగితం ఓనరు రాశాడు గనక అలా ఉంది. ఇప్పుడు రాయడం నాకూ వచ్చు. ఆ రోజు ఆ క్యాబిన్‌లో ఉన్నవాళ్ళు: ఓనరు, ఓనరు బావమరిది, పెద్దకొడుకు, చిన్నకొడుకు, పక్క పొలం రైతు, నేను.