పదకొండో ముద్దాయి

జెనీవా యాడుండాదో నాకప్పుడు తెలీదు. తెలుసుకోవాల్సిన కర్మ నాకేంది అనుకున్నాను గూడా. ఎనభైల మొదట్లో ఉరవకొండ తట్టు ఒక చిన్న కోర్టులో నేను ఏపీపీని, అంటే పోలీసులు పెట్టిన కేసుల్ని సర్కారు తరపున వాదించేవాణ్ణి. వేరుశనగ నిలువునా ఎండిపోయిన యేడు. పైనుంచి ఆర్డరు వచ్చింది: మేజిస్ట్రేట్లు, ప్రాసిక్యూటర్లు అందరూ అనంతపురం పోయి మూడు దినాలు, జెనీవాలో దేశాలన్నీ కూడి రాసుకున్న యుద్ధాల చట్టం నేర్చుకోవాలని.

"ఏమప్పా, మనకు యుద్ధం యాడిది?" అని బస్సులో నవ్వినాను. పక్కనున్న ఇంకో ప్రాసిక్యూటరు, "మన తట్టు వానలు పడవు గానీ బాంబులు పడతాయి కదన్నా" అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వినాము.

పాఠం చెప్పింది మిలిటరీలో లా ఆఫీసరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. ముందు వరసలో మేజిస్ట్రేట్లు, వెనక బెంచీల్లో మేము. రెండో దినం మధ్యాన్నం, ఉక్కపోతకు అందరం తూగుతాంటే, ఆయన బల్ల మీద ఠప్పున కొట్టి అడిగినాడు. "శత్రువు సైనికుడు దెబ్బ తిని వచ్చినాడు. డాక్టరు కట్టు కట్టినాడు. ఆ డాక్టరు శత్రువైతాడా?"

"కాడు సార్!" అని అరిచినాము. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ముందు వరసలోంచి మా కోర్టు మేజిస్ట్రేటు వెనక్కి తిరిగి నన్ను చూసినాడు. నేను తల దించుకొని నోటుబుక్కు తిరగేసినాను.

ఎందుకంటే, వారం ముందే ఆయన ముందర నిలబడి, ఒక కాంపౌండరుకు బెయిలు ఇయ్యొద్దన్నది నేనే. వజ్రకరూరు పోయే దావలో ఒక పల్లెలో రెండు పార్టీలు కొట్టుకున్నాయి. తల పగిలినోడు ఒకడు ఈయన తలుపు కొడితే, తీసి కట్టు కట్టినాడు. అంతే ఆయన చేసిన నేరం. మా తట్టు ఒక రివాజు ఉండాది. కొట్లాటైతే ఫిర్యాదులో కొట్టినోళ్ల పేర్లతో ఆపరు, అవతలి పార్టీలో మీసమొచ్చిన ప్రతివాణ్ణీ ఎక్కిస్తారు. కట్టు కట్టినాడంటే వాడూ ఆ పార్టీవాడే. అట్ల కాంపౌండరు పదకొండో ముద్దాయి అయినాడు. కట్టె పట్టుకొని గుంపులో ఉన్నాడని రాసినారు. యాభై ఏండ్ల మనిషి, ఒక కాలు ఈడ్చుకుంటా నడుస్తాడు. ఆ కాలు నేను చూసినాను. చూసి గూడా "అభ్యంతరం ఉండాది సార్" అన్నాను. అలవాటప్పా! సిగ్గులేని అలవాటు. ఆయన సబ్‌జైలుకు పోయినాడు.

మూడో దినం క్లాసులో ఏం చెప్పినారో నా చెవికెక్కలేదు.

బెయిలు పిటిషను సోమవారం మళ్లా వచ్చింది. కోర్టు వరండాలో ఫిర్యాది పార్టీవాళ్లు ఇరవై మంది, తుండుగుడ్డలు భుజానేసుకొని, ఒక్కడూ మాట్లాడకుండా నిలబడినారు. ఎస్సై నా చెవి దగ్గరికి వంగి, "ఎప్పటిమాదిరే అనేయండి సార్. మీరు ఇంటికి సైకిల్ మీదనే కదా పోయేది" అన్నాడు. నవ్వుతానే అన్నాడు. దాచేదేముండాది, భయమైంది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు.

కాంపౌండరు బోనులో మంచి కాలి మీద బరువేసి నిలబడినాడు. మేజిస్ట్రేటు కాగితాల నుంచి తలెత్తకుండా, "ఏపీపీ గారూ, ఏమంటారు?" అన్నాడు.

"కట్టు కట్టినాడు తప్ప ఇతను ఇంకేం చేసినట్టు సాక్ష్యం లేదు సార్" అన్నాను. "అభ్యంతరం లేదు."

వరండాలో ఎవరో కాండ్రించి ఉమ్మినారు. మేజిస్ట్రేటు అప్పుడు తలెత్తి, బెయిలు ఇచ్చినాడు. ఎస్సై నా మీద అగ్గి మీద గుగ్గిలమైనాడు.

సాయంత్రం కాంపౌండరు బస్టాండులో కనపడినాడు. దండం పెడతాడేమో అనుకుంటా దగ్గరికి పోయినాను, అబద్ధమెందుకు? ఆయన పెట్టలేదు.

"సార్, ఒక్క మాట. రేపు ఇంకొకడు నెత్తురు కార్చుకుంటా వస్తే తలుపు తియ్యాల్నా, వద్దా?"

క్లాసులో అంత గట్టిగా అరిచింది నేనే. యుద్ధమైతే తియ్యొచ్చు, ఆ చట్టం నిన్ను కాస్తాది. మన పల్లెల్లో కొట్లాట యుద్ధం కిందికి రాదప్పా అని ఎట్ల చెప్పేది? "జాగ్రత్తగా ఉండప్పా" అన్నాను.

ఆయన నన్ను కిందికీ పైకీ చూసినాడు. "పన్నెండు దినాలున్నా సార్ లోపల. ఇంక తియ్యను. నా బిడ్డల మీద ఒట్టు" అని, కాలు ఈడ్చుకుంటా బస్సెక్కినాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. నా మీదే వచ్చింది.

మరుసటి యేడు ఆ పల్లెలోనే ఇంకో కొట్లాట. ఈసారి ఫిర్యాదు ఇచ్చింది పోయిన యేడు ముద్దాయిలైన పార్టీ. ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. ముద్దాయిల పేర్లు చదువుకుంటా పోయి, నాలుగో పేరు దగ్గర ఆగిపోయినాను. కాంపౌండరు. కట్టె పట్టుకొని గుంపులో ఉన్నాడంట. ఈ తూరి ఆయన దగ్గర కట్టు కట్టించుకున్నది, పోయిన తూరి ఆయన్ని జైలుకు పంపిన పార్టీవాడు.

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. బిడ్డల మీద ఒట్టు పెట్టుకున్న మనిషి తలుపు తీసినాడు.